గవరయ్య పంటి క్యాపు

మెరకపాలెంలో గవరయ్య ఇంటివాళ్ళకి తమ తెలివి మీద ఉన్న నమ్మకం ఇంతా అంతా కాదు. ఊళ్ళో అందరూ మాట విని, అర్థం చేసుకుని, ఆ తర్వాత పని చేస్తారు. వీళ్ళకి మధ్యలో ఆ బెడద లేదు. విన్నది విన్నట్టే చేసేస్తారు. "మాటకి ఇంకో అర్థం వెతుక్కునేవాళ్ళకి బుర్ర తక్కువే" అనేవాడు గవరయ్య. "అవునండీ" అనేది భార్య మాణిక్యం. తమ్ముడు పుల్లబ్బాయి చప్పట్లు కొట్టేవాడు.

అలాంటి గవరయ్య ఓ రోజు వేయించిన శనగలు నములుతుంటే దవడపన్ను పుటుక్కుమంది. ముగ్గురూ బస్సెక్కి పట్నం వెళ్ళారు. పళ్ళ డాక్టరమ్మ నాలుగుసార్లు తిప్పించుకుని, పన్ను బాగుచేసి, పైన క్యాపు బిగించింది. "రెండు రోజులు ఈ పక్క నమలకండి. చల్లనివీ వేడివీ తగలనివ్వకండి. కాస్త జివ్వుమంటుంది, కంగారు పడొద్దు, అదే పోతుంది" అని చెప్పి పంపింది.

ఇంటికి రాగానే గవరయ్య ఆవురావురుమంటూ కంచం ముందు కూర్చున్నాడు. పుల్లబ్బాయి గభాలున చెయ్యి పట్టుకున్నాడు.

"ఆగన్నయ్యా! డాక్టరమ్మ 'ఈ పక్క' అన్నప్పుడు వేలు ఎటు చూపించింది?"

"కిటికీ వైపు."

"ఆ కిటికీ తూర్పున ఉంది. మన వంటిల్లూ తూర్పే!"

అంతే. కంచం పడమటి వసారాలోకి మారింది. గవరయ్య అక్కడ కూర్చుని కొత్త క్యాపుతోనే ముద్ద కసకసా నమిలాడు. జివ్వున లేచిన నొప్పి చెవిదాకా పాకింది.

"ఇంకాస్త పడమరకి జరగండి" అంది మాణిక్యం.

జరిగాడు. జరిగి జరిగి, కంచంతో సహా పక్కింటి గోడ దగ్గర తేలాడు. నొప్పి కూడా ఆయనతోపాటే జరిగి వచ్చింది.

మర్నాడు చల్లనివీ వేడివీ తగలకుండా చూసే పని మొదలైంది. ఎండలో కూర్చుంటే వేడి, నీడలో కూర్చుంటే చల్లన. ఏం చెయ్యాలి? పుల్లబ్బాయి పెరట్లో ఎండా నీడా కలిసేచోట సరిగ్గా గీత మీద కుర్చీ వేశాడు. నీడ జరిగినప్పుడల్లా అన్నతో సహా కుర్చీని జరిపాడు. మాణిక్యం పొగలు కక్కే కాఫీలో ఇంత ఐసుముక్క పడేసి తెచ్చింది.

"వేడీ చల్లనా ఒకదాన్నొకటి చంపేసుకుంటాయి. మిగిలేది కాఫీయే. తాగండి."

ఇంకేముంది! ముందు ఐసుముక్క వెళ్ళి క్యాపుకి తగిలింది, వెనకాలే వేడి కాఫీ వచ్చి పడింది. గవరయ్య పెట్టిన కేకకి పక్కింటి సూరమ్మత్త గోడ మీంచి తొంగి చూసింది.

"అయ్యో, పన్నా నాయనా? తగ్గిపోతుందిలే. నూరేళ్ళు చల్లగా ఉండు."

మాణిక్యం గయ్యిమంది. "అత్తా! చల్లన ఒక్కరోజు కూడా పనికిరాదంటే నూరేళ్ళంటావేంటి?"

"పోనీ, వెచ్చగా ఉండు నాయనా."

"వేడీ తగలకూడదు!"

సూరమ్మత్త పాపం మళ్ళీ చెయ్యెత్తింది. "అయితే గోరువెచ్చగా ఉండు నాయనా" అని దీవించి లోపలికి పోయింది. గవరయ్యకి ఆ మాట ఎంతో తృప్తిగా అనిపించింది.

మూడో రోజుకీ జివ్వు తగ్గలేదు. "అదే పోతుందందిగా, మరి పోదేం?" అన్నాడు దిగులుగా.

"ఎలా పోతుందన్నయ్యా? నువ్వు నోరు మూసుకున్నావ్, వదిన తలుపులు మూసుకుంది. పోవడానికి దారేదీ?"

అంతే. తలుపులు తెరిచారు, కిటికీలు తెరిచారు, గవరయ్యని వీధిగుమ్మం వైపు తిప్పి నోరు బార్లా తెరిపించారు. ఈదురుగాలి రివ్వున లోపలికి దూరింది. ఉన్న జివ్వు పోకపోగా ఇంకో నాలుగు వచ్చి చేరినట్టయింది.

పొద్దున్నే పన్నెండు ఇడ్లీలు లాగించే మనిషి మూడు రోజులుగా గంజినీళ్ళ మీద ఉన్నాడు. పంచె నడుం మీద నిలవడం లేదు. డాక్టరమ్మ దగ్గరికి మళ్ళీ వెళితే, తను చెప్పింది వీళ్ళకి తలకెక్కలేదనుకుంటుందని ఇన్నాళ్ళూ బింకంగా ఉన్నాడు. ఇక ఆగలేక కళ్ళనీళ్ళు పెట్టుకున్నాడు. "నవ్వితే నవ్వనీ. నన్ను తీసుకెళ్ళండి."

తీసుకెళ్ళారు.

"పళ్ళు ఆనించినప్పుడు ఎత్తుగా ఉందా గవరయ్య గారూ?" అడిగింది డాక్టరమ్మ.

"ఎత్తేనండి. మీ ఆసుపత్రి రెండో అంతస్తు కదా."

ఎత్తున్నచోట గుర్తు పడేలా ఆవిడ గవరయ్య నోట్లో రంగు అంటుకునే నీలం కాగితం ముక్క పెట్టి కొరకమంది. కొరికాడు. నమిలాడు. మింగేశాడు. "ఉప్పు తగ్గిందండి" అన్నాడు మర్యాదగా. ఆవిడ ఇంకో కాగితం పెట్టి, ఈసారి తనే గట్టిగా పట్టుకుంది. గుర్తు పడ్డచోట క్యాపుని కొంచెం అరగదీసింది. గవరయ్య భయంభయంగా పళ్ళు ఆనించాడు. నొప్పి లేదు! మళ్ళీ ఆనించాడు. లేదు! సంతోషం పట్టలేక డాక్టరమ్మకి రెండు చేతులూ ఎత్తి దణ్ణం పెట్టాడు.

ఆవిడ మిగతా పళ్ళు కూడా చూసింది. "బాగా అరిగాయే. నిద్రలో పళ్ళు కొరుకుతారా?"

"పిండిమర ఆడినట్టేనండి" అంది మాణిక్యం.

"అయితే క్యాపు నిలవాలంటే నైట్ గార్డు పెట్టుకోవాలి. వచ్చేవారం రండి, కొలతలు తీసుకుంటాను" అంది ఆవిడ, పడుకునేటప్పుడు పళ్ళకి పెట్టుకునే తొడుగు గురించి.

"అంత శ్రమెందుకండీ, మా ఊళ్ళోనే ఉన్నాడు" అన్నాడు పుల్లబ్బాయి.

ఆ సాయంత్రమే రైసుమిల్లు దగ్గర కాపలా కాసే అప్పలస్వామిని కర్రతో, ఈలతో సహా పిలుచుకొచ్చాడు. మాణిక్యం మొగుడి నోరు తెరిచి చూపించింది. "ఇదిగో, ఈ పంటికే కాపలా."

"దొంగలు ఎటునుంచి వస్తారమ్మా?"

"లోపల్నించే. మిగతా పళ్ళ మీదే మా అనుమానం."

ఇంకేముంది, అప్పలస్వామి మంచం పక్కన నిలబడి గంటకోసారి ఈల ఊదాడు, నేల మీద కర్ర తాటించాడు. గవరయ్య మూడు రాత్రులు కన్ను మూయలేదు. నిద్రే లేదు గనక పళ్ళు కొరకనూ లేదు. "చెప్పింది చెప్పినట్టు చేస్తే ఎంత గుణమో!" అని ముగ్గురూ మురిసిపోయారు.

నాలుగో రోజు పొద్దున గవరయ్య పన్నెండు ఇడ్లీలూ తిని కుర్చీలోనే ఒరిగిపోయాడు. కాసేపటికి కరకరమని చప్పుడు.

"పుల్లబ్బాయీ! పట్టపగలే కొరికేస్తున్నారు, పరిగెత్తు!" అని అరిచింది మాణిక్యం.

పుల్లబ్బాయి పరిగెత్తాడు. రాత్రంతా మేలుకున్న అప్పలస్వామి తన ఇంట్లో గాఢనిద్రలో ఉన్నాడు. ఎంత కుదిపినా లేవడే! చేసేదిలేక ఇంకో ముగ్గురిని సాయం పట్టి మంచంతో సహా మోసుకొచ్చి, అన్న కుర్చీ పక్కన దించాడు. మాణిక్యం తేలిగ్గా ఊపిరి పీల్చుకుంది.

అంతలో మంచం మీంచీ కరకరమని మొదలైంది.

మాణిక్యం ఇద్దరినీ మార్చి మార్చి చూసి గుండెలు బాదుకుంది. "అయ్యో, గార్డుకే గార్డు లేడు!"

అంతే. పుల్లబ్బాయి పంచె ఎగ్గట్టి, ఇంకో ఇద్దరు గార్డుల్ని వెతకడానికి మళ్ళీ వీధిలోకి పరిగెత్తాడు.