పాలపిట్టలు ఓడిన పది ఆటలు

సముద్రానికి మూడు రోజుల నడక దూరంలో ఒకానొక రాజ్యం ఉండేది. అక్కడ వరికోతలు అయిన దగ్గర్నుంచి తొలకరి పడేదాకా జనానికి వేరే ధ్యాస ఉండేది కాదు. బంతాట ఒక్కటే.

ఆ బంతి గుండ్రంగా ఉండదు. కోడిగుడ్డులా రెండు కొసలూ సన్నబడి ఉంటుంది. నేలకు తగిలితే ఎటు ఎగురుతుందో దానికే తెలియదు. మైదానమూ గుడ్డు ఆకారమే. రెండు చివరలా నాలుగేసి గుంజలు పాతి ఉంటాయి. నడిమి రెండు గుంజల మధ్యనుంచి బంతిని తన్నితే ఆరు. పక్క సందులోంచి పోతే ఒకటి. గాలిలో వచ్చే బంతిని ఎవడైనా ఎగిరి పట్టుకున్నాడా, మిగతావాళ్ళంతా ఆగిపోవాలి. వాడు తాపీగా గురి చూసుకుని తన్నుకోవచ్చు. ఆ పట్టు చూడడానికే జనం ఎండలో మెడలు చాచుకుని కూర్చునేవారు.

రాజధాని జట్టు పేరు పాలపిట్టలు. వాళ్ళ తలగుడ్డలకు నీలిరంగు వేసేది గురవమ్మ. ఆవిడకు డెబ్బై రెండేళ్ళు. మోచేతుల దాకా నీలం. ఎంత తోమినా పోదు. పదేళ్ళ పిల్లగా తండ్రి భుజం మీద కూర్చుని మొదటి ఆట చూసింది. ఆ తర్వాత పురుళ్ళ రోజుల్లో తప్ప పాలపిట్టల ఆట ఒక్కటీ మానలేదు.

ఈ మధ్య గురవమ్మకు ఒక భయం పట్టుకుంది. పొయ్యి మీద కుండ పెట్టి మరిచిపోతోంది. చెల్లెలి పేరు నోటిదాకా వచ్చి ఆగిపోతోంది. అందుకని పొద్దున్నే నీలిమందు తొట్టి కలుపుతూ ఆ ఏటి ఆటలన్నీ వరసగా పైకి చెప్పుకునేది. ఏ ఆట ఎవరితో, ఎంతతో, ఎవరి పట్టుతో. ఒక్కటి జారినా మొదటికి వచ్చి మళ్ళీ చెప్పుకునేది.

ఆ ఏడు చెప్పుకోవడానికి సంతోషమైనదేమీ లేదు. పాలపిట్టలు పద్నాలుగు ఆటలు ఆడి నాలుగే గెలిచారు.

రాజు గజసింహ భూపతికి అది తల తీసేసినట్టయింది. జట్టుకు ఆట నేర్పే బసవలింగాన్ని పిలిపించి నలుగురిలో కడిగేశాడు.

"బంతి పక్కనుంచి పోతుంటే నీ వాళ్ళు రాతిబొమ్మల్లా నిలబడి చూస్తారేమయ్యా? నేను లేచి నిలబడి ధైర్యం చెబుతూనే ఉన్నాను కదా. నన్ను చూస్తే ఎవడికైనా ఒంట్లోకి ఏనుగు బలం రావాలే."

బసవలింగం తల వంచుకున్నాడు. జవాబు తెలియక కాదు, చెప్పే వీలు లేక.

సంగతి ఏమిటంటే, రాజుగారి తాతగారి కాలంనుంచి ఒక కట్టడి ఉంది. రాజు లేచి నిలబడితే రాజధాని వాడు ఎవడైనా సరే, ఉన్నచోట ఆగి చేతులు జోడించాలి. రాజు కూర్చునేదాకా దించకూడదు. బయట ఊళ్ళ జట్లకు ఈ బాధ లేదు. వాళ్ళు ఆట మొదట్లో ఒక్క దండం పెడితే చాలు. గజసింహ భూపతి కుదురుగా కూర్చునే మనిషి కాడు. బంతి తన జట్టు చేతికి వచ్చిందంటే లేస్తాడు. లేచాడంటే పాలపిట్టలు పన్నెండు మందీ పరుగు ఆపి చేతులు జోడిస్తారు. అవతలివాళ్ళు బంతి తీసుకుని నింపాదిగా వెళ్ళి ఆరు కొట్టుకుంటారు.

ఇది జనమందరికీ తెలుసు. రాజుగారికి తప్ప. పుట్టిన దగ్గర్నుంచి ఆయన చూసిన మనుషులందరూ చేతులు జోడించే ఉన్నారు కనుక ఆ చేతులు ఆయన కంటికి ఆనలేదు. ఎవరైనా చెబుదామంటే, కట్టడిని తప్పు పట్టినవాడు ఊరు విడిచి పోవాలన్నదీ ఆ కట్టడిలోనే ఉంది.

ఆటలకాలం ముగిశాక రాజు కొలువు తీర్చి, అన్ని ఆటలూ చూసిన ఒక మామూలు మనిషిని పిలిచి జట్టు ఎలా ఆడిందో అడగడం ఆనవాయితీ. దాన్ని చూపరి మాట అనేవారు. అది వినకుండా జట్టు విషయంలో రాజు తీర్పు చెప్పకూడదు. ఆ ఏడు పద్నాలుగు ఆటలూ చూసింది గురవమ్మ ఒక్కతే.

కొలువుకు ముందురోజు ఆస్థాన పండితుడు శేషభట్టు ఆవిడ వాకిట్లోకి వచ్చాడు. తొట్టికి దూరంగా, పంచె ఎత్తి పట్టుకుని నిలబడ్డాడు.

"రేపు నువ్వు పెద్దగా మాట్లాడనక్కరలేదు అవ్వా. ఓటమికి కారణాలు నేను నలభై పద్యాల్లో రాశాను. చివర రాజుగారు అవునా అని అడుగుతారు. అవునను. అంతే."

"కారణం ఏమని రాశారు స్వామీ?"

"బసవలింగం చేతకానితనం. జట్టును ఎత్తేసి కోట కావలివాళ్ళతో కొత్తది కట్టాలని ముగించాను."

"కోట కావలివాళ్ళకు తన్నడం వచ్చా?"

"మనుషుల్ని తంతారు కదా, బంతిని తన్నలేరా?" అని పండితుడు వెళ్ళిపోయాడు.

ఆయన వెళ్ళాక బసవలింగం వచ్చి తొట్టి గట్టున కూలబడ్డాడు. "పిన్నమ్మా, నాకు వేరే పని రాదు. నా సంగతి అట్లా ఉంచు. ఆ కుర్రాళ్ళు నీలం తలగుడ్డ తీసేస్తే ఏమైపోతారో."

గురవమ్మ తెడ్డు తిప్పుతూనే ఉంది. నీలం తలగుడ్డలు లేకపోతే తను పొద్దున్నే ఏం చెప్పుకోవాలో ఆవిడకూ తెలియలేదు.

"నువ్వు రేపు బంతి పట్టుకుని రా. నేను రమ్మన్నానని అనకు," అంది.

మర్నాడు తెల్లవారాక రాజమాతగారి నీలం చీర మడిచి చంకన పెట్టుకుని అంతఃపురానికి వెళ్ళింది. రాజమాత చీర అంచు చూస్తూ, "పొడుగు ఎల్లన్న ముంగిసలపేట వాళ్ళ మీద పట్టిన పట్టు, అబ్బ, మా మేడమీదినుంచి కనిపించింది గురవమ్మా. ఏం లాభం, పట్టినవాడు తన్నకుండా దండం పెడుతూ నిలబడ్డాడు," అంది.

"దాని గురించే వచ్చాను తల్లీ," అంది గురవమ్మ.

ఇద్దరు ముసలమ్మలూ కాసేపు మాట్లాడుకున్నారు.

కొలువు నిండింది. శేషభట్టు నలభై పద్యాలూ చదివాడు. రాజు మీసం దువ్వుకుని అడిగాడు. "ఏమవ్వా, అవునా?"

గురవమ్మకు రెండు భయాలు. రాజుగారి భయం కొంత, అంతకన్నా మరుపు భయం. చేయవలసినవి వరసగా అనుకుని వచ్చింది. మొదట ఆటలు చెప్పాలి. తర్వాత రాజుగారికి కోపం తెప్పించాలి. ఆ తర్వాత ఇంకొకటి ఉంది.

"మహాప్రభూ, పండితుల వారి పద్యాలకు అవునూ కాదూ అనేంత చదువు నాకు లేదు. చూసింది చెబుతాను. ముసలిదాన్ని, ఆటల గుర్తులు నిలవడం లేదు. ఏలినవారి గుర్తులతో కలిపి పెట్టుకున్నాను. అట్లా చెప్పవచ్చునా?"

రాజుకు అది నచ్చింది. "నా గుర్తులతోనా? చెప్పు, చెప్పు."

"మొదటి ఆట గండుచీమల దిబ్బ వాళ్ళతో. ఆరోజు ప్రభువులు ఎర్ర గొడుగుతో వేంచేశారు. ఓడాం. రెండోది ప్రభువులు కొత్త ఏనుగెక్కి వచ్చినరోజు. ఓడాం. మూడోది ఏలినవారికి పంటినొప్పి, రాలేదు. గెలిచాం."

కొలువులో ఎవరో దగ్గారు.

"నాలుగోది ప్రభువులు వజ్రాల తలపాగాతో వచ్చారు. ఓడాం. అయిదోది అడవిదున్నల కోట వాళ్ళతో, అది మాత్రం మా సొంత ఓటమి ప్రభూ, ఎవరినీ అనకూడదు. తొమ్మిదిసార్లు తన్ని తొమ్మిదిసార్లూ పక్క సందులోకే పంపారు. తొమ్మిది ఒకట్లు. మావాళ్ళకు గాలివాటం చూసి తన్నే బుద్ధి ఇంకా రాలేదు. ఆరోది మామగారి తద్దినమని ప్రభువులు అత్తవారి ఊరు వెళ్ళారు. గెలిచాం. ఏడోది..."

ఏడోది రాలేదు. గురవమ్మ నోరు తెరుచుకుని నిలబడింది. ఎవరితో ఆడారు? తొట్టి ముందు ఎన్నిసార్లు చెప్పుకుంది. నీలం చేతులు ఒకదాన్నొకటి పట్టుకున్నాయి.

శేషభట్టు అందుకున్నాడు. "చూశారా ప్రభూ. ఏడో ఆటే గుర్తులేనిదాని మాట మనం వింటున్నాం."

"ఏడోది ఎవరితోనో పోయింది స్వామీ, వయసు," అంది గురవమ్మ మెల్లగా. "ప్రభువులు పదకొండుసార్లు లేచారు, అది ఉంది. ఓడాం."

తర్వాతివి ఆగకుండా వచ్చాయి. రాజుగారు వేటకు పోయినరోజు గెలుపు. రాజుగారికి జలుబు చేసినరోజు గెలుపు. మిగిలినవన్నీ రాజుగారు వచ్చినవి. చివరిదాంట్లో వాన పడి బురదలో అందరూ జారారు, అందులోనూ ఎవరి తప్పూ లేదు.

రాజు వేళ్ళు మడిచి చూసుకున్నాడు. ముఖం ఎర్రబడింది.

"అంటే నేను వస్తే ఓటమి, రాకపోతే గెలుపు. నా ముఖం అంత మంచిదన్నమాట."

"అట్లా అనలేదు ప్రభూ."

"మరి ఏమన్నావు?"

ఏదో అనాలి. ఇక్కడ ఒకటి ఉంది. రాజుగారికి కోపం తెప్పించాక ఇంకొకటి. గురవమ్మ ఎంత వెతికినా దొరకలేదు. పొద్దున అంతఃపురంలో తనే చెప్పిన మాట. బసవలింగం స్తంభం పక్కన చంకలో బంతి పెట్టుకుని ఆవిడవైపే చూస్తున్నాడు. ఆ బంతి ఎందుకు తెమ్మందో కూడా తోచలేదు.

రాజు మాత్రం ఆగలేదు. "తప్పంతా నా మీదికి తోస్తే వాళ్ళ చేతకానితనం పోతుందా? ముంగిసలపేట ఆటలో బంతి ఆ ఎల్లడి చేతిలోకే వచ్చి పడింది. కదలడే. ఆ స్థానంలో నేనుంటే ఒంటిచేత్తో పట్టి, అదే ఊపున ఆరు కొట్టేవాణ్ణి."

గురవమ్మకు ప్రాణం లేచివచ్చింది. మరిచిన మాటను రాజుగారే తెచ్చి చేతిలో పెట్టాడు.

"ప్రభువులు పట్టి చూపిస్తే మా కుర్రాళ్ళకు పాఠంగా ఉంటుంది," అంది. "బంతి ఇక్కడే ఉన్నట్టుంది."

రాజు సింహాసనం దిగాడు. ఎప్పటిలాగే కొలువంతా లేచి చేతులు జోడించింది. ఉత్తరీయం తీసి కావలివాడి మీద పడేశాడు. శేషభట్టు ఆ పట్టు మీద ఒక పద్యం చెబుతానని గొంతు సవరించుకున్నాడు.

"విసరయ్యా బసవలింగం," అంది గురవమ్మ, పక్క తలుపు అవతలికి కూడా వినిపించేటట్టు.

రాజుగారే పట్టడానికి దిగారు కనుక బసవలింగం బంతి విసిరి, వెంటనే మళ్ళీ చేతులు జోడించాడు. బంతి కప్పు దాకా లేచింది. రాజు చేతులు చాచి దాని కిందికి వచ్చాడు. సరిగ్గా అప్పుడు పక్క తలుపు తెరుచుకుని రాజమాత లోపలికి అడుగు పెట్టింది.

రాజు లేస్తే పౌరులు చేతులు జోడించాలన్న తాతగారి కట్టడిలోనే ఇంకొకటి ఉంది. రాజమాత కొలువులోకి వస్తే రాజు జోడించాలి. ముప్ఫయ్యేళ్ళ అలవాటు. గజసింహ భూపతి చేతులు వాటంతట అవే కలిసిపోయాయి.

బంతి వచ్చి నెత్తిన తగిలింది. తలపాగా ఒకవైపు, బంతి ఒకవైపు దొర్లాయి. ఆ గుడ్డుబంతి ఎగిరి శేషభట్టు పొట్టకు తగిలి, అక్కడినుంచి మంత్రి కాళ్ళమీదికి, అక్కడినుంచి సేనాపతి ముందుకు పోయింది. అందరి చేతులూ జోడించే ఉన్నాయి. నూరుమంది మగవాళ్ళు రాతిబొమ్మల్లా నిలబడి చూస్తుండగా బంతి తూలుకుంటూ వెళ్ళి రాజమాత పాదాల దగ్గర ఆగింది.

ఆవిడ అటూ ఇటూ చూసింది. చీర కుచ్చిళ్ళు కాస్త ఎత్తి పట్టుకుని కాలితో ఒక్కటి తన్నింది. బంతి సింహాసనానికి అటూ ఇటూ ఉన్న రెండు స్తంభాల మధ్యనుంచి పోయి గోడకు తగిలింది.

"నాయనా, ఇది ఆరేనా?" అని అడిగింది.

రాజు జోడించిన తన చేతులవైపు చూసుకున్నాడు. తర్వాత మంత్రి చేతులు, సేనాపతి చేతులు చూశాడు. బసవలింగం చేతులూ చూశాడు. చాలాసేపు చూశాడు.

"గురవమ్మవ్వా, నేను లేచిన ప్రతిసారీ వాళ్ళు ఇట్లాగే..."

"అవును ప్రభూ. బంతి చేతిలో ఉన్నా ఇట్లాగే. ఎల్లన్న ఆరోజు మీకు దండం పెడుతూ ఏడ్చాడు."

"ఎవరూ చెప్పలేదేం?"

"నేనూ చెప్పలేదు ప్రభూ. కట్టడిని తప్పు పడితే ఊరు విడవాలి. నేను మిమ్మల్ని బంతి పట్టమన్నాను, అంతే."

రాజు కడుపులోంచి నవ్వు మొదలైంది. నెత్తిన లేచిన బొప్పిని తడుముకుంటూ నవ్వాడు. అది చూసి మంత్రి నవ్వాడు. నవ్వకూడదనుకున్న శేషభట్టు కూడా చివరికి నవ్వాడు.

ఆ కొలువులోనే రాజు మైదానం వరకు ఆ కట్టడిని ఎత్తేశాడు. బసవలింగం కొలువు, జట్టు, నీలం తలగుడ్డలు ఎక్కడివక్కడ నిలిచాయి. గాలివాటం నేర్పమని మాత్రం గట్టిగా చెప్పాడు. ఆపైన గురవమ్మను ఏం కావాలో కోరుకోమన్నాడు.

"ఏడో ఆట ఎవరితోనో ఎవరైనా చెబితే చాలు ప్రభూ. రాత్రికి నిద్ర పట్టదు."

"కొండగొర్రెల వాళ్ళతో," అంది రాజమాత. "పన్నెండు తేడాతో ఓడాం."

రాజు ఇద్దరినీ మార్చి మార్చి చూశాడు. "మా అమ్మకు ఇంత తెలుసని నాకు తెలియదు. వచ్చే ఏటినుంచి మీరిద్దరూ నాకు చెరోపక్కా కూర్చోండి. గురవమ్మకు ఒక ఉద్యోగం కూడా ఇస్తున్నాను. నేను లేవబోతే ఉత్తరీయం పట్టుకుని వెనక్కి లాగడం. కట్టడి లేకపోయినా వెనకవాళ్ళకు ఆట కనిపించాలి కదా."

మరుసటి ఏడు పాలపిట్టలు పద్నాలుగింటిలో తొమ్మిది గెలిచారు. రాజుగారి ఉత్తరీయాలు ఆరు చిరిగాయి.