గుడ్డ కింద చెయ్యి

పాప నెలలు నిండకుండా పుట్టింది. కిలో మీద రెండొందల గ్రాముల బరువు. చేతికి పెట్టిన సూది నరంలోంచి జారింది. మందు చర్మం కింద పాకి, మధ్యాహ్నానికి రెండు వేళ్లు నల్లబడ్డాయి. ఇక అవి దక్కవని డాక్టరు చెప్పి వెళ్లాడు. తల్లి ఆ వేళ్లని చూసి ఏడవను కూడా లేదు.

ఆ పూట పాపని చూసుకున్న నర్సు ప్రవల్లిక. పసిపిల్లల వార్డులో సూదుల వల్ల వచ్చే వాపులు, పుళ్లు తగ్గాలని, గంటగంటకీ చూసి టిక్కు పెట్టే కాగితం తయారుచేసింది ఆమే. మూడు నెలల్లో వాపులు సగానికి తగ్గాయి. అందరూ మెచ్చుకున్నారు.

ఆ కాగితం తెచ్చి హెడ్ నర్సు ఎస్తేరమ్మ ముందు పెట్టింది. ప్రవల్లికకి పని నేర్పింది ఆవిడే.

"ప్రతి గంటా చూశాను మేడమ్. ఒక్క టిక్కూ తప్పలేదు. ఇందులో నా తప్పేముంది?"

ఎస్తేరమ్మ కాగితం వంక చూడలేదు. "చేతి మీద ఏమన్నా కప్పావా?"

"చలి తగలకూడదని గుడ్డ కప్పాను."

ఆవిడ కాగితాన్ని పక్కకి నెట్టింది.

మర్నాడు పొద్దున్న ప్రవల్లిక డ్యూటీకి రాగానే, ఎస్తేరమ్మ ఆమె ఎడమ చేతిని, సూది కదలకుండా పిల్లల చేతికి కట్టినట్టే, అట్టముక్క మీద పెట్టి, పట్టీ కాస్త బిగించి చుట్టి, పైన గుడ్డ కప్పింది.

"ఇవాళ పిల్లల్ని ముట్టుకోకు. నా ఎదురుగా కూర్చుని రిజిస్టరు రాయి."

గంటకి ఎస్తేరమ్మ తలెత్తి చూసి, ఒక కాగితం మీద టిక్కు పెట్టింది. రెండో గంటకి మరొకటి. ప్రవల్లిక వేళ్లు తిమ్మిరెక్కాయి. తర్వాత మండాయి. పంతానికి ఊరుకుంది. మూడో టిక్కు పడేసరికి వేళ్లున్నట్టే తెలియలేదు. లేచి వెళ్లి చెయ్యి చాపింది.

"చూస్తూనే ఉన్నానుగా," అంది ఎస్తేరమ్మ.

"గుడ్డ తీసి చూడలేదు మేడమ్."

ఆ మాట తన నోటి నుంచే వచ్చాక ప్రవల్లిక తల ఎత్తలేకపోయింది.

ఎస్తేరమ్మ పట్టీ విప్పింది. పాలిపోయిన వేళ్లని తన అరచేతుల మధ్య పెట్టుకుని, రంగు తిరిగేదాకా మెల్లగా రుద్దుతూ కూర్చుంది.

రంగు తిరిగాక చెయ్యి వదిలి అంది, "నువ్వు లేచి రాగలిగావు."