ఏడు బర్రెలు, కడుగునీళ్లు

ఈదులకుంట బాలవ్వ పాడిబర్రెలు ఏడూ 2019 ఆగస్టు పదకొండో తేదీ పొద్దున వాగులో మూతి పెట్టాయి. మధ్యాహ్నానికి ఏడూ కాళ్లు చాపేశాయి. వాగుకు ఎగువన మందుల ఫ్యాక్టరీ. "మా వ్యర్థమంతా ట్యాంకర్లలో పోయింది, ఇదిగో లెక్క. వాగులో కలిసింది ఉత్త పాత్రలు కడిగిన నీళ్లు" అన్నాడు మేనేజరు, చొక్కా మడత నలక్కుండా.

బాలవ్వ చెల్లెలి కొడుకు కొమురెల్లి. ఆ కచ్చతోనే తాయారమ్మ మేడం ల్యాబులో చేరాడు. ఆరేళ్లు తల బద్దలు కొట్టుకుని, అక్కడ తయారయ్యే బీపీ మందునే విషపు ద్రావకాలు లేకుండా చేసే దారి కనిపెట్టాడు.

పరిశోధన నిధికి అర్జీ ఇవాళ సాయంత్రం అయిదింటికల్లా వెళ్లాలి. కోటీ ఎనభై లక్షలు. రాకపోతే ల్యాబుకు తాళం. కిలో మందుకు ముప్పై కిలోల కన్నా ఎక్కువ వ్యర్థం చూపిస్తే కమిటీ రెండో పేజీ కూడా తిప్పదు.

"పాత పద్ధతిల నలభై, మనది ఎనిమిదే మేడం! ఆ ఫ్యాక్టరీ దొంగల మొఖాన కొడత ఈ కాయితం" అన్నాడు కొమురెల్లి.

మొదటి పేజీ నిండా బాలవ్వ బర్రెలే. మేడం చివరిదాకా చదివింది. పొద్దుటి ప్రయోగం జిడ్డు పట్టిన గాజుబుడ్డి తెచ్చి చేతిలో పెట్టింది.

"కడుగు."

"ఇప్పుడా? మూడయింది మేడం."

"కడగవయ్యా. రోజూ కడిగేట్టే."

పళ్లు కొరుకుతూ కడిగాడు. ఎసిటోన్ ద్రావకంతో మూడుసార్లు, నీళ్లతో మూడుసార్లు. మేడం కింద బేసిను పట్టింది, చుక్క జారనివ్వలేదు. తీసుకెళ్లి తూకం మీద పెట్టింది. బేసిను బరువు పోను తొమ్మిదివందల నలభై గ్రాములు. పొద్దున ఆ బుడ్డిలోంచి తీసిన మందు ఇరవై గ్రాములు. అంటే కిలో మందుకు నలభై ఏడు కిలోల కడుగునీళ్లు.

"ఇది నీ అర్జీలో ఏ పేజీలో ఉంది?"

"కడుగు లెక్కల రాదు మేడం. అందరూ ఇడిచిపెడతరు. అదే పద్ధతి."

"మీ పెద్దమ్మ బర్రెలు కూడా పద్ధతి ప్రకారమే చచ్చాయి."

కొమురెల్లి మొహం కాలిపోయింది. "ఆరేండ్ల కష్టం మేడం! నిజం రాస్తే చెత్తబుట్టల ఏస్తరు. దాచినోళ్లకు పైసలు, మనకు తాళమా?"

మేడం బేసిను తెచ్చి అతని రెండు చేతుల్లో పెట్టింది.

"సరే, రాయకు. ఎక్కడ పారబోస్తావో పోసిరా."

తలుపు దాకా నడిచాడు. అక్కడే నిలబడిపోయాడు. గోడ గడియారం నాలుగు దాటింది. బేసిను ఒలకకుండా వెనక్కి తెచ్చి, కంప్యూటరు పక్కనే పెట్టుకుని కూర్చున్నాడు.

అర్జీ నాలుగూ యాభై రెండుకు వెళ్లింది. పదకొండో పేజీలో ఎనిమిది లేదు. "కిలో మందుకు వ్యర్థం: 55 కిలోలు, కడుగునీళ్లతో కలిపి."