మూడో పిలుపు

పొద్దెక్కినా మంచు విడవని రోజు. సున్నం కాల్చుకునే ఎల్లమంద క్రీస్తు మతంలో కలిశాడని తెలిసి, నరసభూపతి దొర అతన్ని కోటకు పట్టి తెప్పించాడు.

"నీ అంతట నువ్వే కలిశావా, నీ దేవుడు లాక్కెళ్లాడా? నువ్వే వెళ్తే కొరడా దెబ్బలు. ఆయనే లాక్కెళ్తే, ఆయన్నే వచ్చి విడిపించుకోమను."

"పిలిచింది ఆయన, పలికింది నేను దొరా. బట్టీ దగ్గర ఎవరో పేరుపెట్టి పిలిచారు. దయ్యమేమోనని రెండుసార్లు పలకలేదు. దయ్యం మూడోసారి పిలవదంటారు కదా! మూడోసారీ పిలుపొచ్చింది. పలికాను."

దొర పకపకా నవ్వాడు. "దేవుడంతటివాడు పిలిస్తే పలక్కుండా ఎవడుంటాడు? ఇందులో నీ ఇష్టమేముందిరా?"

"నరసా!"

పిలుపు బయట మంచులోంచి వచ్చింది. దొరను అలా పిలిచేవాళ్లెవరూ బతికి లేరు. భటులు తలుపు తీసి చూస్తే మనిషి జాడ లేదు.

"నరసా!"

దొర రెండు చేతులతో నోరు నొక్కుకున్నాడు.

"చూశారా దొరా," అన్నాడు ఎల్లమంద మెల్లగా, "పిలుపును ఆపడం మీ చేతిలో లేదు. పలక్కపోవడం మాత్రం మీ ఇష్టమే."

అతన్ని వదిలెయ్యమని దొర తలతోనే సైగ చేశాడు.

ఎల్లమంద గడప దాటుతుండగా మూడో పిలుపు వినిపించింది. అతను ఆగలేదు. ఆ జవాబు చెప్పాల్సింది తను కాదు.