నూకాలు మూడు చుట్లు

మా అమ్మమ్మకి వాళ్ళ అమ్మమ్మ చెప్పేనాటికే ఈ కథ పాతబడిపోయింది. రాజు పేరు అప్పటికే ఎవరికీ గుర్తు లేదు. మంత్రి పేరు గుర్తుపెట్టుకోవాలని ఎవరూ అనుకోలేదు. మిగిలినవి నూకాలు పేరూ, ఆమె ఇంటివాళ్ళ పేర్లూ. ఊ కొడుతూ వినండి, చెప్తాను.

అనగనగా ఒక కొండల రాజ్యం. కోట కింద ఒక వైద్యశాల. అందులో మందు నూరే ఆడమనిషి నూకాలు. మొగుడు పోయాడు. ఉన్న ఒక్క కూతుర్నీ కొండ మీది ఊరికి ఇచ్చింది. తెల్లారి కల్వం ముందు కూర్చుంటే పొద్దు వాలేదాకా నూరేది.

జ్వరం మాత్రకి మూడు జాములు నూరాలి. అయిందో లేదో చూడ్డానికి నూకాలుకి ఒక్కటే పరీక్ష. చిటికెడు పొడి తీసి వేళ్ళ మధ్య రుద్దేది. పొడి వేలి గీతల్లోకి దిగి నిలిస్తే అది మందు. రాలిపోతే ఇంకా నూరాలి. అలా రుద్ది రుద్ది ఆమె బొటనవేలు ఎప్పుడూ నల్లగానే ఉండేది. నూకాలు వేలిముద్రకి సిరా అక్కర్లేదని వైద్యశాలలో వాళ్ళు ఆటపట్టించేవాళ్ళు.

ఆ రోజుల్లో మందు ఉన్నవాళ్ళకే. మేకనో, బియ్యపు మూటనో తెచ్చినవాళ్ళకి మాత్ర. తేలేనివాళ్ళు గుమ్మం దాకా వచ్చి వెనక్కి పోయేవాళ్ళు. ఇది రాజు చెవిన పడింది. రాజు మంచివాడే. మంచివాళ్ళకి ఒక పని తలకెక్కితే ఇక ఆగరు కదా.

మొదటి దండోరా వేయించాడు. మందుకి ఎవరూ ఏమీ ఇవ్వక్కర్లేదన్నాడు. జనం సంతోషించారు. మర్నాటికి వైద్యశాల ముందు వరస కోట చుట్టూ తిరిగింది. నూకాలు నూరింది.

రెండో దండోరా వేయించాడు. కొండ మీది వాళ్ళు నడిచి రానక్కర్లేదు, వారానికోసారి మందుల బండి ఊరూరికీ వస్తుందన్నాడు. జనం ఇంకా సంతోషించారు. కూతురి ఊరికి కూడా బండి వెళ్తుందని నూకాలు అందరికంటే ఎక్కువ సంతోషించింది. నూకాలు నూరింది.

మూడోదానికి దండోరా లేదు. మంత్రి తనే వైద్యశాలకి వచ్చి మెల్లిగా చెప్పాడు. "బళ్ళు ఎక్కువయ్యాయి, మాత్రలు చాలడం లేదు. ఇకనుంచి ఒక్క జామే నూరండి."

"ఒక్క జాముకి అవదు బాబూ," అంది నూకాలు. "గీతల్లోకి దిగదు."

"రోగులు మింగుతారా, వేలికి రాసుకుంటారా?" అన్నాడు మంత్రి. "గుండ్రంగా ఉందా? నల్లగా ఉందా? చేదుగా ఉందా? అయితే మాత్రే."

నూకాలు వైద్యుడి వైపు చూసింది. ఆయన తల తిప్పుకున్నాడు. కోటలోవాళ్ళ మందుకి వేరే కల్వం ఉండేది. దానికి మాత్రం మూడు జాములూ అలాగే ఉంచమని చెప్పి మంత్రి వెళ్ళిపోయాడు. కూలికి నూరే మనిషి ఏమనగలదు? నూకాలు నూరింది.

వానలు పడ్డాయి. కొండల్లో జ్వరాలు లేచాయి. బళ్ళు వెళ్ళాయి, జనం మాత్రలు మింగారు, జ్వరం తగ్గలేదు. ఊరికే ఇచ్చే మందు ఇలాగే ఉంటుందని కొందరన్నారు. మా రాత అని కొందరన్నారు. కొందరు ఏమీ అనకుండానే పోయారు.

ఒకరోజు మిట్టమధ్యాహ్నం నూకాలు కూతురు పైడమ్మ వానలో తడుస్తూ కొండ దిగి వచ్చింది. వీపున కట్టుకున్న కూతురు గౌరి ఒళ్ళు కాలిపోతోంది. పిల్ల కళ్ళు తెరవడం లేదు.

"మందు వెయ్యలేదేటే?" అంది నూకాలు.

"ఎందుకెయ్యనమ్మా. బండి రాగానే ఏసినాను. మూడు దినాలు ఏసినాను," అంది పైడమ్మ. "మా అమ్మ సేతి మందు, ఏటీ బయపడకండని ఊరందరికీ సెప్పినాను. నా మాట మీద అందరూ పిల్లలకేసినారు."

ఆమె కొంగున ఇంకో మాత్ర ముడేసి ఉంది. నూకాలు దాన్ని చిదిపి వేళ్ళ మధ్య రుద్దింది. ఇసకలా గరగరలాడి రాలిపోయింది. గీతలోకి ఒక్క రేణువు దిగలేదు. అది ఎవరు నూరారో నూకాలుకి ఎవరూ చెప్పక్కర్లేదు. సిగ్గుతో ఆమె తల ఎత్తలేకపోయింది.

సరిగ్గా నూరాలంటే మూడు జాములు కావాలి. గౌరికి అంత వ్యవధి ఉన్నట్టు లేదు. నూకాలు లేచి కోటవాళ్ళ భరిణె తెరిచింది. ఒక మాత్ర తీసి తేనెలో రంగరించి మనవరాలి నాలుక మీద రాసింది. సాయంత్రానికి పిల్లకి చెమట పట్టింది. కళ్ళు తెరిచి గంజి అడిగింది.

కోట సొమ్ము దొంగిలిస్తే చెయ్యి నరకడం ఆ రాజ్యంలో శిక్ష. నూకాలుకి అది తెలుసు. అయినా మర్నాడు పొద్దున్నే తనే కోటకి వెళ్ళింది. ఒక పొట్లంలో కోట మందు, ఇంకో పొట్లంలో ఊళ్ళ మందు పట్టుకుని వెళ్ళింది.

"దొంగతనం సేసినాను బాబూ," అంది రాజుతో. "ఒక్క మాత్ర. నా మనవరాలికి."

"అడిగితే ఇచ్చేవాణ్ణి కదా," అన్నాడు రాజు.

"నా మనవరాలికి ఇద్దురు. ఆ ఊర్లో ఇంకా పిల్లలున్నారు. నా సేతి మందని దైర్యంగా మింగినారు. ఆల్లందరికీ నాను ఎన్ని దొంగిలించాల?"

రాజుకి అర్థం కాలేదు. "బండి వెళ్తోంది కదా," అన్నాడు.

"సేతులు ఇటియ్యండి బాబూ," అంది నూకాలు.

కూలి మనిషి రాజు చేతులు అడగడం ఆ సభలో ఎవరూ ఎరగరు. రాజు మాత్రం చేతులు చాపాడు. నూకాలు ఆయన కుడి బొటనవేలికి కోట మందు రుద్దింది. గీతలన్నీ నల్లగా తేలాయి. ఎడమ బొటనవేలికి ఊళ్ళ మందు రుద్దింది. అంతా రాలి ఒళ్ళో పడింది.

"ఇది మీది. ఇది మాది," అంది నూకాలు. "రెండూ నాను నూరినవే."

రాజు రెండు వేళ్ళూ పక్కపక్కన పెట్టి చూసుకున్నాడు. తర్వాత మంత్రి వైపు తిరిగాడు. మంత్రి అబద్ధం చెప్పలేదు, అదొక్కటి ఒప్పుకోవాలి. "ఊరికే ఇమ్మన్నారు, ఇచ్చాం. అందరికీ ఇమ్మన్నారు, ఇచ్చాం. మూడు జాములు నూరి ఇవ్వాలంటే అన్ని చేతులు ఎక్కడున్నాయి ప్రభూ?"

"వైద్యశాల ముందు కూకున్నోల్లకి ఉన్నవి సేతులు కావేటి?" అంది నూకాలు. "ఒక రోగికి తోడు ముగ్గురొస్తన్నారు. పొద్దల్లా గోడకి జారబడి నా వంక సూస్తన్నారు. ఊరికో కల్వం ఇప్పించండి. ఆల్లే నూరతారు. ఎంత నూరాలో నాను సెప్తాను."

రాజు సరేనన్నాడు. కోటకీ ఊళ్ళకీ ఇక ఒకటే మందన్నాడు. ఆఖర్న అడిగాడు. "దొంగతనానికి శిక్ష ఏమిటో తెలుసు కదా?"

"తెలుసు బాబూ. ఈ సెయ్యి మీదే. జ్వరాలు తగ్గేదాకా ఉంచండి, తరవాత తీసుకోండి."

ఊరికో కల్వం వచ్చింది. రోగికి తోడు వచ్చినవాళ్ళు వంతులేసుకుని నూరారు. నూకాలు బండితోపాటు ఊరూరూ తిరిగి అందరి వేళ్ళూ చూసింది. ఒకసారి రాజు కూడా తల్లి మందు తనే నూరాడట. గీతల్లోకి దిగలేదని నూకాలు ఆయన చేత మళ్ళీ నూరించిందట.

ఒక ఊళ్ళో ఎవరో అడిగారు. "మావాళ్ళకి మేం నూరుకుంటాం. ఒంటరిగా వచ్చినవాళ్ళకి ఎవరు నూరతారు?"

నూకాలు ఆలోచించింది. "నీ నూరుడు అయిపోనాక ఆల్ల మందేసి ఇంకో మూడు సుట్లు తిప్పు," అంది. "అందరూ తలా మూడు తిప్పితే తోడు లేనోల్ల మందు దానంతటదే నలుగుద్ది."

వానలు వెలిశాయి. జ్వరాలు తగ్గాయి. నూకాలు కోటకి వెళ్ళి చెయ్యి చాపింది. "వచ్చే ఏడు చూద్దాంలే," అన్నాడు రాజు. ఆ మరుసటేడూ వెళ్ళింది. అప్పుడూ అదే మాట. ఆమె బతికినన్నాళ్ళూ వెళ్తూనే ఉంది. రాజు వచ్చే ఏడు అంటూనే ఉన్నాడు.

నూకాలు ముసలిదై మంచం పట్టింది. చుట్టుపక్కల ఊళ్ళన్నీ వచ్చి ఆమెకి మందు నూరాయి. అంత మెత్తటి మందు అంతకుముందు ఎవరూ నూరలేదంటారు. ముసలితనానికి అది పనిచెయ్యలేదు. స్నానం చేయించేటప్పుడు ఆమె వేలి నలుపు ఎంత తోమినా పోలేదు. ఆ చెయ్యి అలాగే, ఎవరూ తియ్యకుండా, ఆమెతోనే వెళ్ళింది. అమ్మమ్మని సాగనంపి ఇంటికి వచ్చిన గౌరి, ఆమె కోసం నూరుతూ కల్వంలో సగంలో ఆపిన మందు ఏడుస్తూనే పూర్తిగా నూరింది. చివర మూడు చుట్లు తిప్పింది. ఆ మాత్రలు వైద్యశాల అరుగు మీద ఒంటరిగా కూర్చున్న ముసలాయనకి ఇచ్చి వచ్చింది.

ఇప్పుడు మాత్రలు కొట్లోనే దొరుకుతున్నాయి. కల్వాలు అటక ఎక్కాయి. అయినా ఆ కొండ ఊళ్ళలో ఆడవాళ్ళు పిల్లలకి శొంఠి నూరితే చివర మూడు చుట్లు ఎక్కువ తిప్పుతారు. ఆసుపత్రికి కేరేజీ కడితే మూడు ముద్దలు ఎక్కువ పెడతారు.

"ఇవి ఎవరికే?" అని పిల్లలు అడుగుతారు.

"పక్క మంచం కాడ ఎవరూ నేకపోతే, ఆల్లకి," అంటారు.