పేలు చూసేందుకు రాజముద్ర

అనగనగా ఒక అడవి ఉండేది పిల్లలూ. ఆ అడవిలో చిన్నా పెద్దా అందరికీ ఒంటినిండా పేలే. ఎలుగుబంటికి వీపున, అడవిదున్నకు మెడ మీద, కుందేలుకు చెవుల వెనక. పొద్దస్తమానం గోక్కుంటూ కూర్చుంటే తిండి తినేదెప్పుడు? అందుకే అందరూ తాయారమ్మ దగ్గరికి వెళ్లేవారు.

తాయారమ్మ ఒక ముసలి కొండముచ్చు. ఏటి ఒడ్డున నల్లబండ మీద కూర్చుని, వచ్చినవాళ్ల జుట్టు పాయలు పాయలుగా విడదీసి పేలు చూసేది. చూస్తూ అడవి కబుర్లన్నీ చెప్పేది. ఎలుగుబంటి తేనెపట్టు ముక్క తెచ్చేది, కుందేలు దుంపలు తెచ్చేది. "తాయారమ్మ చెయ్యి పడితే నిద్ర ముంచుకొస్తుంది" అనేవారు అందరూ. ఆ మాట ఆమెకు తేనె కన్నా ఇష్టం.

ఒక ఎండాకాలం సింగారి అనే గోరింక అక్కడికి వచ్చింది. అడవిదున్న మెడ మీద వాలి, టకటకా పేలు ఏరి తినేసింది. "తిన్నదే నా కూలి మామా, ఇంకేమీ వద్దు" అంది. మర్నాడు బండ దగ్గరికి సగంమందే వచ్చారు. తాయారమ్మకు కడుపు మండిపోయింది.

సరిగ్గా అప్పుడే ఒక కాకి, కుందేలు చెవిలో పేను ఉందంటూ పొడిచి రక్తం తెప్పించింది. తాయారమ్మకు సందు దొరికింది. కుందేలును వెంటబెట్టుకుని సింహం దగ్గరికి వెళ్లింది.

"చూడండి మహారాజా, ఎవరు పడితే వాళ్లు పేలు చూస్తే ఇలాగే ఉంటుంది. ఇకమీదట మీ ముద్ర ఉన్నవాళ్లే చూడాలి. పరీక్ష నేను పెడతాను" అంది.

ఆ చెవి చూసి సింహానికి జాలేసింది. "సరే. నెగ్గినవాళ్లకు మోదుగాకు మీద నా పంజా ముద్ర వేసి ఇస్తాను. అది లేకుండా పేలు చూసినవాళ్లను అడవి దాటిస్తాను" అని చాటింపు వేయించింది. మొదటి ముద్ర తాయారమ్మకే దక్కింది.

పరీక్షకు ముందుగా ఉడుత వచ్చింది. "పేను గుడ్డు ఎన్నాళ్లకు పగులుతుంది?" అంది తాయారమ్మ. ఉడుత తెల్లమొహం వేసింది. తర్వాత కోతి వచ్చింది. "పేనుకు చెవులుంటాయా?" అంటే, పాపం, ఉంటాయంది. చివరికి సింగారి వచ్చింది.

"పేనుకు కాళ్లెన్ని?"

"లెక్కపెట్టేదాకా ఎక్కడ ఉంచుతాను అత్తా, మింగేస్తాను కదా" అంది సింగారి.

ముగ్గురూ తప్పారు. ఒక్క పేను ఏరి చూపించమని మాత్రం తాయారమ్మ ఎవరినీ అడగలేదు.

ఇక బండ దగ్గర బారులే బారులు. తాయారమ్మ వేళ్లు వాచాయి. కబుర్లు చెప్పే తీరిక లేదు, ఎవరికీ కునుకు పట్టడం లేదు. సగంమంది గోక్కుంటూనే వెనక్కి పోయేవారు. అయినా అడవంతా తన గుమ్మంలోనే ఉందని ఆమెకు లోలోపల సంబరం.

ఇంతలో ఆమె మెడ వెనకే దురద మొదలైంది. ఎవరి మెడ వెనక వాళ్లకు కనిపించదు కదా. వేలు పెట్టేలోగా పేను జారుకునేది. ఇదివరకైతే ఉడుతో కోతో చూసిపెట్టేది. ఉడుతను అడిగితే "నాకు ముద్ర లేదు" అంది. కోతీ అదే మాట అంది. మూడు రోజులు నిద్ర లేక కళ్లు గుంటలు పడ్డాక, తాయారమ్మ సింగారి దగ్గరికి వెళ్లింది.

"నిన్ను చూస్తే జాలేస్తోంది అత్తా. కానీ నన్ను అడవి దాటిస్తే గూట్లో నా పిల్లల గతేమిటి?" అంది సింగారి.

"పోనీ, మళ్లీ పరీక్షకు రావే. కాళ్లు ఆరు అని చెప్పు. నెగ్గిస్తాను."

"ఆరు అని చెబితే నాకు కొత్తగా పేలు ఏరడం వస్తుందా అత్తా?"

తాయారమ్మ సిగ్గుతో తల దించుకుని, నేరుగా సింహం దగ్గరికి నడిచింది.

"మహారాజా, నేను కుందేలు మీద జాలితో రాలేదు, గోరింక మీద అసూయతో వచ్చాను. ఆ ముద్ర తీసెయ్యండి" అంది.

"మరి కుందేలు చెవి మాటేమిటి?" అని అడిగింది సింహం.

"చెవిలో, కంటి దగ్గర పేలు చూసేవాళ్లకు పరీక్ష ఉండాల్సిందే. ప్రశ్నలడగడం కాదు, పని చేయించి చూడండి. వీపు మీద పేలకు ముద్రెందుకు? బాగా చూడకపోతే ఆ వీపు గలవాడే మళ్లీ రాడు."

సింహం పకపకా నవ్వింది. "నాలుగు రోజులుగా నా జూలులోనూ అదే గోల తాయారమ్మా" అని ఆ పూటే చాటింపు మార్పించింది.

సాయంత్రం నల్లబండ మీద సింగారి తాయారమ్మ మెడ చూసింది. ఆ ముక్కు తన వేళ్ల కన్నా తేలిగ్గా ఆడుతోందని తాయారమ్మకు తెలిసిపోయింది. మర్నాడు ఎలుగుబంటి వస్తే తనే చెప్పింది. "వీపు నేను చూస్తాను బాబాయ్. మెడకు మాత్రం సింగారి దగ్గరికి వెళ్లు. నాకన్నా బాగా చూస్తుంది."

నీతి: ప్రమాదమున్న పనికి పరీక్ష అవసరమే, కానీ పక్కవాడి పొట్ట కొట్టడానికి పెట్టే పరీక్ష చివరికి పెట్టినవాడి మెడకే చుట్టుకుంటుంది.