నూకాలు చెయ్యి

అనగనగా, ఏటికి వంతెన లేని కాలాన, ఏటి అవతల నూకాలు అని ఒక కుమ్మరి ముసలమ్మ ఉండేది. కుండలు చేసేది, సర్పి లేస్తే కుండలకు పూసే ఎర్రమన్ను, జాజు, రాసేది. సర్పి అంటే తెలుసుగా? నడుం చుట్టూ నిప్పులు చల్లినట్టు బొబ్బలు లేస్తాయి. తలా తోకా కలిస్తే మనిషి దక్కదని భయం. నూకాలు ఎర్ర జాజులో వేలు ముంచి బొబ్బల చుట్టూ గీసేది. సర్పి తగ్గేది, పేరు నూకాలుకొచ్చేది. ఆ పేరంటే ఆవిడకీ ముద్దే.

ఆ ఊళ్లోనే చిన్నమ్మడు అని ఒక పిల్ల. లారీ నడిపే మొగుడు చిక్కి చిక్కి ప్రాణం విడిచాడు. హెచ్‌ఐవి అని పైకి అనడానికి జంకి, ఊరు "ఆ జబ్బు" అంది. వదిన కంచం వేరు పెట్టింది. పొరుగామె పలకరింపు మానేసింది. బావి దగ్గర చేద లాక్కున్నారు.

చిన్నమ్మడికి సర్పి లేచింది. నూకాలు వేలితోనే రాసింది, తగ్గింది. మళ్లీ లేచింది. మళ్లీ రాసింది, తగ్గింది. మూడోసారి వీపు నుంచి పొట్ట మీదికి పాకింది. నూకాలు వేలు ముంచబోయి ఆగింది. చేతకాలేదంటే తన పేరేమైపోతుందో అనుకుంది. అయినా జాజు పిడత పక్కన పెట్టేసింది.

"సర్పి ఓపాలొస్తే దాని దారిన అదే పోతాది. పదేపదే వస్తంటే లోపల రోగాన్ని ఆపే కాపలా పడుకున్నట్టే. దాన్ని లేపడం నా జాజు వల్ల కాదమ్మా. రక్తం సూపించుకుందాం, పద."

ఆసుపత్రిలో రక్తం తీసే గది ముందు బెంచీ నిండా తెలిసిన మొహాలే. చిన్నమ్మడు గుమ్మంలోనే ఆగిపోయింది.

"నాను కూకుంటే అందరికీ తెలిసిపోతాది మామ్మా."

నూకాలు కొంగు బిగించి ముందు తనే కూర్చుంది. సూది పట్టుకుని వచ్చిన అబ్బాయికి మట్టి మరకల చెయ్యి చాపింది.

"ముందు నాది తియ్యి బాబూ," అంది, బెంచీ అంతటికీ వినబడేలా.

ఎవరి కోసం ఎవరొచ్చారో బెంచీకి అంతుపట్టలేదు. ఆ సందట్లో చిన్నమ్మడు వెళ్లి పక్కన కూర్చుంది.

చిన్నమ్మడికి జబ్బు ఉందని తేలింది. డాక్టరమ్మ సర్పికి మందిచ్చింది, ఆ జబ్బుకి రోజూ వేసుకునే మాత్రలిచ్చింది. చిన్నమ్మడు ఒక్క పూటా మానలేదు. కాపలా లేచింది. సర్పి మళ్లీ ఆ ఒంటి జోలికి రాలేదు.

ఏళ్లు గడిచి నూకాలు కన్ను మూస్తే, నిప్పు కుండ పట్టుకుని ముందు నడిచింది చిన్నమ్మడే. ఊరు వెనకే నడిచింది.

ఇప్పటికీ ఆ ఏటి పక్క ఊళ్లలో జాజు రాసేవాళ్లు, సర్పి లేచిన మనిషి రక్తం చూపించుకుని రానిదే పిడతలో వేలు ముంచరు. ఆసుపత్రిలో ఎవరైనా జంకితే, తోడొచ్చినవాళ్లు ముందు తమ చెయ్యి చాపుతారు. దాన్ని నూకాలు చెయ్యి అంటారు.